రెక్కలో మిగిలిన గీత

రండి, ఇలా దగ్గరికి జరగండి. గోడకు చేరగిలబడ్డవాళ్ళు కూడా ముందుకు రండి, ఇది కేకేసి చెప్పే కథ కాదు. మధ్యలో లేచి వెళ్ళారంటే దారం తెగుతుంది. తర్వాత ముడి వెయ్యమని నన్నడగకండి.

ఇది భూతద్దం తేల్చిన తగాదా. భూతద్దం అంటే అమ్మానాన్నలు పెట్టిన పేరేం కాదు. బీమా ఆఫీసులో ఆవిడ ఉద్యోగం కాలిపోయిన దుకాణాలు చూడటం. నిప్పు దానంతట అది పుట్టిందా, ఎవరైనా పుట్టించారా అని బూడిద కెలికి చెప్పేది. రిటైరయ్యాక కూడా చెయ్యి ఊరుకోక, ఇళ్ళ గొడవలూ అంగళ్ళ గొడవలూ తేల్చడం మొదలుపెట్టింది. చేతిలో భూతద్దం ఎన్నడూ లేదు, కళ్ళజోడే అంత మందం.

ఆవిడ పిన్ని కొడుక్కి ఒక బేకరీ ఉంది. రొట్టెల కవర్ల మీదా, దుకాణం బోర్డు మీదా ఒక పిట్ట బొమ్మ ఉంటుంది. నోట గోధుమ కంకి పట్టుకుని ఎగిరే పిట్ట. ఒకరోజు అతనికి ఒక టీ కంపెనీ నుంచి నోటీసు వచ్చింది. ఆ పిట్ట మాది, మా టీ డబ్బాల మీద ఉన్నదాన్ని దొంగిలించారు, బోర్డు దించి కవర్లన్నీ తగలబెట్టండి అని. పాపం అతను ఆ బొమ్మను ఒక అమ్మాయి దగ్గర కొనుక్కున్నాడు. కొన్నది ఎదురుగా కూర్చుని కూడా కాదు, ఫోనులో.

ఫోనులో ఒక సంత ఉంటుంది. అక్కడ కూరగాయలు కాదు, బొమ్మలు అమ్ముతారు. బోర్డుల మీదికి, సంచుల మీదికి, డబ్బాల మీదికి కావలసిన బొమ్మలు. గీసేవాళ్ళది ఒక ఊరు, కొనేవాళ్ళది ఇంకో ఊరు. మొహాలు చూసుకునేది ఉండదు. కొన్నవాళ్ళు మెచ్చుకుని నక్షత్రాలు వేస్తారు, నక్షత్రాలున్న అంగడికే బేరం వస్తుంది. టీ కంపెనీ ఫిర్యాదు చెయ్యగానే సంతవాళ్ళు ఆ అమ్మాయి అంగడి మూసి తాళం వేశారు. ఈ కథ జరిగిన రోజు సాయంత్రం అయిదింటికి విచారణ. పిట్ట తనదేనని అమ్మాయి చూపించలేకపోతే అంగడి ఇక తెరవరు. దొంగ అనే మాట ఆమె మీద పడిపోతుంది, ఇంకే సంతలోనూ కూర్చోనివ్వరు. బేకరీ బోర్డు దిగిపోతుంది.

చూపించడానికి ఉన్న సాక్ష్యం ఒక్కటే, అమ్మాయి దాచుకున్న హార్డ్‌డిస్క్. పిట్ట మొదటి గీత నుంచి చివరి రంగు దాకా అన్ని మెట్లూ దాన్లో ఉన్నాయి. ముందురోజు అది మాయమైంది.

అందుకని మధ్యాహ్నం భోజనాలయ్యాక భూతద్దం ఆ ఇంటికి వెళ్ళింది. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కిటికీ కింద కంప్యూటర్ బల్ల, ఎదురు గోడకు కుట్టుమిషను. బల్ల అమ్మాయిది, మిషను వాళ్ళ వదినది. అమ్మాయి కళ్ళు వాచి ఉన్నాయి. వదిన మిషను మీద పని ఆపలేదు.

"మొదటినుంచీ చెప్పు. నాకేమీ తెలీదనుకో," అంది భూతద్దం స్టూలు లాక్కుంటూ.

"టీ కంపెనీ వాళ్ళు సంతలో పోటీ పెట్టారు పెద్దమ్మా. కొత్త డబ్బాల మీదికి బొమ్మ కావాలని. చాలామంది గీశారు. నేను పిట్టను గీశాను, నోట్లో టీ ఆకు పట్టుకున్నట్టు."

"గెలిచిందా?"

"లేదు. ఎవరో గీసిన కప్పు బొమ్మ గెలిచింది."

"ఓడిన బొమ్మ ఎవరిది?"

"గీసినవాళ్ళదే. సంత రూలే అది. ఏ బొమ్మకు బహుమతి ఇచ్చారో దాని హక్కే కంపెనీకి పోతుంది. మిగతావన్నీ మావే. అందుకే ఆకు తీసేసి, గోధుమ కంకి పెట్టి బేకరీ అంకుల్‌కి అమ్మాను. మేమంతా ఇంతే, ఓడిన బొమ్మల్ని పారేసుకుంటే పొట్ట గడవదు."

"అంటే మా తమ్ముడికి ఎంగిలి బొమ్మ అంటగట్టావన్నమాట."

"ఎవరూ తిననిది ఎంగిలి ఎలా అవుతుంది పెద్దమ్మా?"

ఏడ్చి ఏడ్చి ఉన్నా పిల్లకు నాలుక పదునుగానే ఉందని భూతద్దం మనసులో అనుకుంది.

"కంపెనీవాళ్ళ వాదన ఏమిటి?"

"పోటీ పెట్టకముందే వాళ్ళ ఆఫీసులో మనిషే ఆ పిట్టను గీశాడట. నేను ఎక్కడో చూసి కాపీ కొట్టానట."

"ముందే గీసి పెట్టుకుంటే పోటీ ఎందుకు?"

"అప్పటికి నచ్చలేదట. తర్వాత నచ్చిందట."

"పెళ్ళిచూపులు చూసినట్టున్నారు," అంది మిషను దగ్గర్నుంచి వదిన.

"పోటీలో నీ బొమ్మను ఎవరెవరు చూడగలరు?"

"పోటీ పెట్టినవాళ్ళు, పోటీలో ఉన్నవాళ్ళు, ఇంకా లైకులు కొట్టేవాళ్ళు." అమ్మాయి తల దించుకుంది. "లైకులు మా ఇంట్లోవాళ్ళవే. అన్నయ్యకూ వదినకూ నేనే అకౌంట్లు తెరిచి కొట్టించాను. అందరి ఇళ్ళల్లోనూ జరిగేదే."

"నేను కప్పుక్కూడా కొట్టాను," అంది వదిన. "బాగుంది మరి."

"వదినా!"

"బాగున్నదాన్ని బాగుందనకపోతే కళ్ళు పోతాయే."

భూతద్దం లేచింది. "డిస్క్ ఎక్కడ పెట్టేవాళ్ళు?"

అమ్మాయి మిషను సొరుగు చూపించింది. కంప్యూటర్ కిటికీ పక్కనే ఉంటుంది కాబట్టి జల్లు కొడుతుందని, డిస్క్‌ను వదిన బొత్తాల డబ్బాలో అడుగున దాచేదట. ఆ డబ్బాకు మూత బిగువు, చెమ్మ చేరదు. ఆ సంగతి ఇంట్లోవాళ్ళకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

భూతద్దం సొరుగును పూర్తిగా లాగకుండా ముందు వంగి చూసింది. దారం కండెలు వరసగా ఉన్నాయి. కత్తెర తన చోట తనుంది. బొత్తాల డబ్బా మూత గట్టిగా పెట్టి ఉంది, దాని పైన చుట్టిన కొలత టేపు. ఆవిడ కంప్యూటర్ బల్ల వైపు చూసింది. దాని మీద అమ్మాయి బొమ్మలు గీసే పలక ఉంది, ఇంట్లో అన్నిటికన్నా ఖరీదైన వస్తువు అదే. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. తలుపు గొళ్ళెం మీద గీత పడలేదు.

"నిన్న డిస్క్ పోయిందని తెలిశాక ఈ సొరుగులో మళ్ళీ చెయ్యి పెట్టారా?"

"నేను మూత తీసి చూశాను, లేదు, పెట్టేశాను. టేపు ఎలా ఉన్నది అలాగే పైన పెట్టాను," అంది అమ్మాయి.

"ఈ టేపు చుట్టింది నువ్వేనా అమ్మా?" అని వదినను అడిగింది భూతద్దం.

వదిన మిషను ఆపింది. టేపు చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "నాది కాదు. నేను అంకెలు లోపలికి వచ్చేలా చుడతాను, చెరిగిపోకుండా. ఇది అంకెలు బయటికి చుట్టారు."

"అంటే ఎవరో డబ్బా తీశారు. టేపు విడిపోతే చుట్టి మళ్ళీ పైన పెట్టారు. పరాయి దొంగకు అంత మర్యాద ఉండదు. బల్ల మీద ఖరీదైన పలక వదిలేసి బొత్తాల అడుగున చెయ్యి పెట్టడు."

"మా వదిన అలాంటిది కాదు," అంది అమ్మాయి గొంతు పెంచి.

"కాదనే ఆ టేపు కూడా చెబుతోంది. అరవకు." భూతద్దం వదిన వైపు తిరిగింది. "మీ ఆయన నిన్న సూదీ దారం ఏమైనా అడిగాడా?"

వదిన మిషను మీది గుడ్డ తీసి పక్కన పెట్టింది. అప్పుడు అంది: "నిన్న పొద్దున చొక్కా బొత్తాం ఊడిందని ఆయనే డబ్బా తీశారు. కుట్టి పెడతానంటే వద్దన్నారు. నా పెళ్ళయినప్పటినుంచీ ఆ మనిషి సూది పట్టుకోగా చూడలేదు అక్కయ్యగారూ. నాకప్పుడే తట్టాలి."

భూతద్దం కొక్కేనికి వేలాడుతున్న అతని నిన్నటి చొక్కా తీసి చూసింది. బొత్తాలన్నీ ఉన్నాయి. అన్నీ ఒకే రంగు దారంతో కుట్టి ఉన్నాయి, కొత్తగా కుట్టిన జాడ లేదు. కానీ చూడవలసింది బొత్తాలు కాదు. జేబు మీద ఎర్ర దారంతో కుట్టిన పిట్ట ఉంది, నోట్లో ఆకుతో.

"మీ అన్నయ్య ఎక్కడ పనిచేస్తాడు?"

"టీ కంపెనీలో. డబ్బాలు దుకాణాలకు చేర్చే వ్యాను నడుపుతాడు," అంది అమ్మాయి. "మీకు చెప్పలేదని తిట్టకండి. చెబితే వాడి ఉద్యోగం పోతుందేమోనని."

"వ్యాధి దాచుకుని వైద్యుడికి కబురు పెట్టావు." భూతద్దం కొక్కేనికి చొక్కా తగిలించి, వదినతో అంది: "ఫోను చెయ్యమ్మా. తిట్టకు, ఏడవకు. బొత్తాం కుట్టాను, డబ్బాలో ఒక వస్తువు తగ్గింది, అయిదింటిలోగా తెచ్చి పెట్టండి అను. అంతే."

వదిన ఫోను తీసి అచ్చంగా అంతే చెప్పి పెట్టేసింది. అవతల మనిషికి నోరు తెరిచే సందు ఇవ్వలేదు.

అప్పుడే గుమ్మంలో దగ్గు వినిపించింది.

వచ్చినవాడిని అందరూ ఇస్త్రీ అంటారు. వానలోనైనా, ఎండలోనైనా అతని చొక్కా చేతులకు మడత చెడదు. ఒకప్పుడు బీమా ఆఫీసులో భూతద్దం కింద పని నేర్చుకున్నాడు. ఇప్పుడు పెద్ద కంపెనీలకు ఆరాలు తీసిపెట్టడం అతని వ్యాపారం. చేతిలో రంగు కాగితం చుట్టిన పెట్టె ఉంది.

"గురువుగారు కూడా ఇక్కడే ఉన్నారే! బూడిద వాసన లేని చోట మీకేం పని?"

"నువ్వున్న చోట ఏదో ఒకటి కాలుతుంది కదా నాయనా, ముందే వచ్చి కూర్చున్నాను."

ఇస్త్రీ నవ్వి పెట్టెను బల్ల మీద పెట్టాడు. "గొడవలు పెట్టుకోవడానికి రాలేదు. కంపెనీ పెద్దమనసుతో పంపింది, నాలుగు రకాల టీ. అమ్మాయి చిన్నపిల్ల. చూసి గీశాను, పొరపాటయింది అని విచారణలో ఒక్క మాట చెబితే కేసు ఉండదు. బేకరీ ఆయన బోర్డు దించుకుంటాడు. అందరూ ఇళ్ళకు పోవచ్చు."

"నేను నా ఇంట్లోనే ఉన్నానండీ," అంది అమ్మాయి.

"ఒప్పుకోకపోతే?" అని అడిగింది భూతద్దం.

"ఒప్పుకోకపోతే చూపించాలి. చూపించడానికి ఏముందట?" అతను అమ్మాయి మొహంలోకి చూశాడు. ఆ చూపులో ప్రశ్న లేదు, జవాబు తెలిసిన తీరిక ఉంది.

భూతద్దం పెట్టె మూత తీసి పైనున్న డబ్బా ఒకటి బయటికి తీసింది. ఆకుపచ్చ డబ్బా, బంగారు రంగు పిట్ట. ఆవిడ ఇంట్లో కాఫీయే కాబట్టి, ఆ డబ్బాను అంత దగ్గరగా చూడటం అదే మొదలు. కళ్ళజోడు పైకి తోసి, ముక్కు ఆనించినంత పని చేసి చూసింది.

"ఈ గీత ఏమిటి?"

రెక్కలో ఈకల మధ్య వాలుగా ఒక జంట గీత ఉంది. ఒకటి సన్నం, దాని పక్కనే ఒకటి లావు.

"అదా? అదే మా బొమ్మకు అందం," అన్నాడు ఇస్త్రీ. "పొద్దుటి తొలి కిరణం రెక్క మీద పడిందన్నమాట. ప్రకటనల్లో కూడా రాశారు. ఇటివ్వండి మీ కవరు." భూతద్దం సంచిలోంచి తీసిచ్చిన బేకరీ కవరును పక్కన పెట్టి చూపించాడు. "చూశారా, ఇందులో ఆ కిరణం లేదు. కాపీ కొట్టేవాళ్ళకు ఒళ్ళు దొరుకుతుంది గానీ ప్రాణం దొరకదు."

"నీకు కవిత్వం కూడా వచ్చునని తెలీదు."

భూతద్దం వదిన దగ్గర బట్ట కొలిచే చెక్క స్కేలు అడిగి తీసుకుంది. డబ్బా మీద రెక్కలోని గీతకు ఆనించి పెట్టింది. స్కేలు చివర పిట్ట నోట్లో ఉన్న ఆకు మీదికి వెళ్ళింది. ఆకులో కూడా అలాంటి జంట గీతే ఉంది, ఈనెలకు అడ్డంగా. రెక్కలో గీతా, ఆకులో గీతా ఒకే తాడు మీద ఆరేసినట్టు ఒకే వాలులో ఉన్నాయి. మధ్యలో పచ్చటి ఆకాశం మాత్రం ఖాళీ.

"కిరణం రెక్క మీద పడింది, బాగానే ఉంది. మధ్యలో మాయమై మళ్ళీ ఆకు మీద తేలిందేం? ఆకాశంలో దానికి టిక్కెట్టు ఇవ్వలేదా?"

"గీసినవాడి ఇష్టం గురువుగారూ. మీరు బూడిద చూడండి, బొమ్మలు మాకు వదిలెయ్యండి." అతని ఫోను మోగింది. మాట్లాడటానికి వరండాలోకి వెళ్ళాడు.

అతను తలుపు దాటగానే భూతద్దం గొంతు తగ్గించింది. "అమ్మాయ్, పోటీ బొమ్మలు ఇప్పుడు చూడొచ్చా?"

"నా అకౌంటు మూసేశారు కదా. వదిన ఫోనులో చూడొచ్చు."

వదిన అకౌంటులో పోటీ తెరుచుకుంది. కప్పు బొమ్మ శుభ్రంగా మెరుస్తోంది. దాని కింద ఓడిన బొమ్మలు వరసగా ఉన్నాయి. అమ్మాయి బొమ్మ ఉండవలసిన చోట బూడిదరంగు గడి. మిగతా బొమ్మలన్నిటి మీదా, ఒక మూల నుంచి ఇంకో మూలకు, వాలుగా గీతలు. సన్నదీ లావుదీ, జంటగా.

"ఇవేమిటి?"

"వాటర్‌మార్క్ పెద్దమ్మా. ఊరికే దించుకుపోకుండా సంతవాళ్ళు బొమ్మ మీద అడ్డంగా వేస్తారు. కొన్నాకే తీసేస్తారు. కప్పును కొన్నారు కాబట్టి దాని మీద..." అమ్మాయి ఆగిపోయింది. ఫోను పట్టుకున్న చెయ్యి దానంతట అదే డబ్బా పక్కకు వెళ్ళింది. అదే వాలు, అదే జంట.

"అది కిరణం కాదు," అంది.

"కాదు. నీ బొమ్మను గీతలతో సహా దించుకున్నారు. ఖాళీ చోట గీత కొట్టొచ్చినట్టు కనిపించింది, తుడిచేశారు. రెక్కలో పడ్డదాన్ని ఈక అనుకున్నారు. ఆకులో పడ్డదాన్ని ఈనె అనుకున్నారు. తర్వాత ఎవరో అడిగితే కిరణం అని కథ కట్టారు."

వదిన నోటిమీద చెయ్యి వేసుకుంది. "చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మనం డిస్క్ కోసం ఏడుస్తున్నాం. సాక్ష్యం ప్రతి ఇంటి వంటగదిలోనూ కూర్చునుంది కదే!"

అయిదింటికి కంప్యూటర్ తెర మీద సంత తరఫున విచారణ చేసే ఆవిడ కనిపించింది. చెవులకు హెడ్‌ఫోన్లు, ముందు నీళ్ళ గ్లాసు. ఆవిడకు ఎవరి మీదా కోపం లేదు, ఎవరి మీదా జాలీ లేదు. ఒక పక్క అమ్మాయి, భూతద్దం. ఇంకో పక్క కుర్చీ జరుపుకుని ఇస్త్రీ. ఆ ఇంట్లో ఆ ఒక్క తెరే ఉంది కాబట్టి కంపెనీ తరఫున అతనూ అక్కడినుంచే మాట్లాడతానన్నాడు.

"కంపెనీ వాదన చెప్పండి."

"పిట్ట బొమ్మ మా ఆఫీసులో, మా ఉద్యోగి చేత్తో, పోటీకి ముందే పుట్టింది. ఈ అమ్మాయికి గానీ, ఈమె దగ్గర కొన్నవాళ్ళకు గానీ దాని మీద హక్కు లేదు. మా డబ్బా మీది పిట్ట ఆమె పోటీ బొమ్మలోంచి వచ్చింది కాదు."

"అమ్మాయి తరఫున?"

భూతద్దం డబ్బాను తెరకు దగ్గరగా పట్టుకుంది. స్కేలు ఆనించింది. రెక్క, ఆకాశం, ఆకు ఒక్కొక్కటే చూపించింది. ఎక్కువ మాట్లాడలేదు. విచారణావిడ ముందుకు వంగి చూసింది, నీళ్ళు తాగింది, మళ్ళీ చూసింది. ఇస్త్రీ చొక్కా చెయ్యి సర్దుకున్నాడు. అతని మొహంలో కిరణం ఆరిపోయింది.

"గీత మాదిలాగే ఉంది," అంది ఆవిడ. "కానీ లాగే ఉందంటే చాలదు. అసలు బొమ్మ మెట్లు మెట్లుగా ఉందా?"

"ఉంటే చూపించమనండి," అన్నాడు ఇస్త్రీ తొందరగా.

"ఇదిగో," అన్నారెవరో గుమ్మంలోంచి.

అమ్మాయి అన్న. జేబు మీద పిట్ట ఉన్న చొక్కా, చేతిలో వ్యాను తాళాలు, ఇంకో చేతిలో డిస్క్. దాన్ని బల్ల మీద పెట్టి, చెల్లెలి వైపు చూడకుండా గోడవైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఎందుకు తీశావు అన్నయ్యా?"

"ఈయన గోడౌన్‌కి వచ్చాడు. మీ ఇంట్లో గొడవ మీరే సర్దుకుంటే నీ ఉద్యోగానికి ఢోకా ఉండదన్నాడు. ఎలా సర్దాలో చెప్పలేదు. నాకు తోచినట్టు సర్దాను." అతను వ్యాను తాళాలు కూడా బల్ల మీద పెట్టేశాడు. "అసలు తప్పు అప్పటిది కాదు చిట్టీ. నీ పిట్ట ఓడిపోయిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మా మేనేజరుకు ఫోనులో చూపించాను. మా చెల్లెలు గీసిందండీ, మీవాళ్ళు వద్దన్నారు, ఎంత బాగుందో చూడండి అని. నాకు పంపు అన్నాడు. నీకు ఉద్యోగం ఇస్తాడేమో అనుకున్నాను. తెర మీద ఎలా కనిపించిందో అలాగే ఫోటో తీసి పంపాను. కొన్నాళ్ళకు వ్యానులో అదే పిట్టను ఎక్కించారు. దించమనడానికి నోరు రాలేదు."

వదిన, "గీతలతో సహా పంపారు, అదొక్కటే మీరు చేసిన మంచిపని," అంది మెల్లగా.

ఇస్త్రీ కుర్చీలోంచి లేచాడు. పాత శిష్యుడు కదా, పడ్డ చోటే లేవడం తెలుసు. తెర వైపు తిరిగి గట్టిగా అన్నాడు: "అమ్మా, ఇది దయచేసి రాసుకోండి. ఈమె సొంత అన్నగారే బొమ్మను మా కంపెనీ చేతికి ఇచ్చాడు. మేము దొంగిలించలేదు. ఇంటివాళ్ళు ఇస్తే తీసుకున్నాం. ఆ దారిలో హక్కు మాకు వచ్చింది."

"రాసుకోండి," అంది భూతద్దం. "అక్షరం పోకుండా రాసుకోండి. ఇందాక ఆఫీసులో పుట్టిన పిట్ట ఇప్పుడు ఈ ఇంట్లోంచి ఎగిరి వెళ్ళిందని ఆయనే చెబుతున్నాడు."

ఇస్త్రీ మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. మాట వదిలాక తెలిసింది, తానే తలుపు తీసి పట్టుకున్నానని.

"ఇంకొక్కటి," అంది భూతద్దం. "ఆవును చూపించినవాడు ఆవును అమ్మలేడు. గీసింది చెల్లెలు. అన్న మెచ్చుకున్నాడు, అంతే. మెచ్చుకున్నవాడికి ఇచ్చే హక్కు ఎక్కడిది?"

విచారణావిడ చాలాసేపు టైపు చేసింది. తర్వాత చదివింది. అంగడి ఆ క్షణం నుంచే తెరుస్తున్నామని, బేకరీ మీద ఫిర్యాదు నిలవదని, డిస్క్‌లోని మెట్లు పంపగానే కంపెనీ జవాబు చెప్పుకోవాలని. ముగ్గుర్నీ చూసి తల ఊపింది, తెర నల్లబడింది.

అమ్మాయి ఏడవలేదు. వదినే ఏడ్చింది. అన్న ఇంకా గోడవైపే ఉన్నాడు. అమ్మాయి లేచి అతని జేబు మీది పిట్టను వేలితో తడిమి చూసింది. "ఇక్కడ కూడా గీత కుట్టారు," అంది. అది క్షమించడమో కాదో అతనికి తెలియలేదు. కానీ గోడవైపు నుంచి ఇటు తిరిగాడు.

ఇస్త్రీ పెట్టె కోసం చెయ్యి చాచాడు.

"ఇచ్చిన టీ వెనక్కి తీసుకుంటారా?" అని వదిన పెట్టెను తన వైపు లాక్కుంది. లాగిన ఊపుకు మిగతా మూడు డబ్బాలూ బల్ల మీదికి దొర్లాయి. ఒకదాని మీద పడవ, ఒకదాని మీద గుర్రం, ఒకదాని మీద రేకల పువ్వు. అమ్మాయి పడవను పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు.

"పెద్దమ్మా."

తెరచాప తాళ్ళ మధ్యలో, వాలుగా, సన్నదీ లావుదీ. గుర్రం జూలులో చూశారు, ఉంది. పువ్వు రేకల్లో, కేసరాల పక్కన, ఉంది. ఖాళీ చోట్ల అంతా తుడిచేసి ఉంది.

"అన్నయ్యా, ఇవి కూడా..."

"నీ మీద ఒట్టు. నేను ఒక్క పిట్టనే పంపాను."

ఇస్త్రీ వంగి మూడు డబ్బాలనూ తిప్పి తిప్పి చూశాడు. స్కేలు తానే తీసుకుని ఆనించాడు. అప్పుడు అతని చొక్కా చేతుల మడత చెడింది, అతను చూసుకోలేదు. "గురువుగారూ, వీటి సంగతి నాకు తెలీదు."

"తెలీదని నాకు తెలుసు నాయనా. నీకు తెలిసుంటే ఈ పెట్టెను ఇక్కడికి తెచ్చేవాడివి కాదు."

అతని ఫోను మోగింది. టీ కంపెనీ మేనేజరు. గది చిన్నది, అవతలి గొంతు అందరికీ వినిపించింది. విచారణ ఏమైందని అతను అడగలేదు. ఒకే ఒక్కటి అడిగాడు: "ఆ పెట్టె ఎక్కడుంది? వాళ్ళింట్లో వదిలేశావా? ఎవరైనా తెరిచారా? మనుషుల్ని పంపిస్తున్నాను, అక్కడే ఉండు."

ఇస్త్రీ డబ్బాల వైపు చూశాడు. ఒకప్పుడు తనకు బూడిద చదవడం నేర్పిన ఆవిడ వైపు చూశాడు. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటోంది.

"ఏ పెట్టె సార్?" అన్నాడు ఫోనులో.

వదిన అప్పటికే వీధి తలుపు గడియ వేసి, పడవనూ గుర్రాన్నీ పువ్వునూ మిషను సొరుగులోకి తోసి, పైన కొలత టేపు పెడుతోంది. అంకెలు లోపలికి చుట్టి. దూరంగా వ్యాను వస్తున్న చప్పుడు వినిపించింది. అది టీ కంపెనీ బండేనని అన్నకు చూడకుండానే తెలిసింది.

ఇదీ సంగతి. ఇక్కడి దాకా విన్నారు కదా, మర్చిపోకండి. పడవ గీసినవాళ్ళు, గుర్రం గీసినవాళ్ళు, పువ్వు గీసినవాళ్ళు ఎక్కడో ఉన్నారు. మా బొమ్మ ఎవరికీ నచ్చలేదు, ఓడిపోయాం అనుకునే ఉన్నారు. వాళ్ళ ఊరేదో, పేరేదో మనకు తెలీదు. అందుకని రేపు మీ వంటగదిలో డబ్బా తీసినప్పుడు ఒకసారి తిప్పి చూడండి. ఉండకూడని చోట వాలుగా జంట గీత కనిపించిందా, పక్కన ఎవరుంటే వాళ్ళను కూర్చోబెట్టి ఈ కథ చెప్పండి. చెప్పగా చెప్పగా అది ఎప్పుడో ఒకప్పుడు గీసినవాళ్ళ చెవిన పడుతుంది.